ఆరు దమ్ముల లైటు

గోవిందప్ప సారు ఇంటి మెట్ల కింద నా షాపు. షాపు అంటే ఏం లేదు, మెట్ల కింది సందుకు ముందర ఒక షట్టరు. మదీనాగూడలో బొంబాయి రోడ్డు దిగినంక రెండో గల్లీ. మిక్సీలు, స్టెబిలైజర్లు, ఎమర్జెన్సీ లైట్లు, మైకుసెట్లు, వినాయక చవితికి మండపాల సీరియల్ బల్బులు, ఏదొస్తే అది బాగు చేసేది. పదకొండేండ్లు ఆ సందులో వంగి కూసుంటే నా నడుము కూడ మెట్ల వాటానికే వచ్చింది.

నాది ఏడో తరగతితోనే బడి బందయింది. ఓదెల దిక్కుకెల్లి మా నాయిన మమ్ములను పట్నం తోలుకొచ్చిండు, మేస్త్రీ పనికి. పెద్దగయినంక నేను కరెంటు పని పట్టుకున్న. హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగులు లేస్తుంటే వాటి గోడలల్ల వైర్లు గుంజిన చేతులు ఇవి. బిల్డింగు పూర్తయిన తెల్లారి గేటు కాడ కార్డు అడిగిండ్రు. ఇగ నేను మళ్ల లోపలికి పోలేదు. నా భార్య చంద్రమ్మ పోతది, పొద్దున ఆరున్నరకు, ఫ్లోర్లు తుడవడానికి. మా ఇంట్లో కార్డున్న మనిషి ఆమె ఒక్కతే.

గోవిందప్ప సారుది కదిరి దిక్కు. నాకంటే పదేండ్లు పెద్ద. ప్లాట్లు కొని అమ్మి ఈ మూడంతస్తులు లేపిండు. ఓనరే గాని, ఓనరు లెక్క పైనుంచి పిలిచే అలవాటు లేదు. పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి కిందికి దిగి నా రెండో స్టూలు మీద కూసునేటోడు. ఒకటే సిగరెట్టు ముట్టించేది, ఇద్దరికి. ఇరానీ హోటల్లో చాయ్ బై టూ చెప్పినట్టే. మొదటి ఆరు దమ్ములు ఆయనవి, మిగిలింది నాది.

ఆ సిగరెట్టు తాగే తీరు ఒకటి చెప్పాలె. నేను పెదవులకు ఆనించను. సిగరెట్టును చివరి రెండు వేళ్ల నడుమ పెట్టి, పిడికిలి మూసి, బొటనవేలి కాడి సందుకెల్లి పీలుస్త. మేస్త్రీ పనికాడ పది మంది ఒక చుట్టను తిప్పుకుంటరు. ఒకరి ఎంగిలి ఒకరికి అంటొద్దని మా నాయిన నేర్పిన పద్ధతి. మొదటి రోజు సారు నా చేయి చూసిండు, తనూ పిడికిలి మూసిండు. అప్పటికెల్లి అదే తీరు. నీ కులమేందని ఆయన నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. పిడికిలి ఉన్నంక అడిగే పని పడలేదు.

రెండువేల పదకొండులో ఉగాది దాటినంక సారుకు గుండెల స్టెంటు వేసిండ్రు. ఇంకో సిగరెట్టు తాగితే తన దగ్గరికి రావద్దన్నడట డాక్టరు. సారు భార్య నాగమణమ్మ ఇంటికి రాంగనే కదిరి నరసింహస్వామి పటం మీద చేయి పెట్టించి ఒట్టు వేయించింది. సిగరెట్టు నోట పెట్టనని. ఇరవై రోజులు కాలేదు, పదకొండింటికి సారు మెట్లు దిగి వచ్చిండు. స్టూలు మీద కూసుండి చేయి చాపిండు. నేను ఆయన మొఖం దిక్కు చూసిన.

"పిడికిట్లో పీల్చేది నోట పెట్టినట్టు గాదు లేప్పా," అన్నడు. "ఆ మాత్రం స్వామికి తెలీకుండా ఉంటాదా."

నేను నవ్విన. వద్దనాల్సింది, అనలేదు. అనకపోవడానికి కారణం కూడ చెప్త. పొద్దంత ఆ సందులో నాతోటి కూసుండి మాట్లాడే మనిషి ఇంకొకడు లేడు. పనికి వచ్చేటోళ్లంత సామాను ఇచ్చి ఎప్పుడైతదని అడిగి పోతరు. నేను కష్టపడి బతికిన అని, చదువుకోనందుకు అందరు నన్ను తొక్కిండ్రు అని లోపల లోపల గులుగుతుంట గదా, అది వినేటోడు ఒక్కడే ఉండె. వాడు కూడ సీమోడే.

అట్ల ఐదు నెలలు నడిచింది. పైన నాగమణమ్మ తన మొగడు ఒక్క దమ్ము కూడ కొట్టకుండ నిష్ఠగ ఉన్నడని అందరికి చెప్పుకుంటున్నది. కింద రోజుకు రెండు సార్లు ఆరు దమ్ములు.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు బాయిలు బందయి కరెంటు కూడ ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెలవదు. షట్టరు సగం దించి పని చేసేది. కరెంటు లేనప్పుడు పాత రాగి కడ్డీని కిరోసిన్ స్టవ్వు మీద ఎర్రగ కాల్చి దానితోనే సోల్డరింగు పెట్టేది. చందానగర్ దీక్షా శిబిరం మైకుసెట్టు నా దగ్గరికే వచ్చింది. సారు చూసిండు.

"మా మీద అరిసే మైకు గూడా నువ్వే బాగు జేసిచ్చాండావా," అన్నడు.

"అరిస్తే మంచిగ వినబడాలె గద సారూ," అన్న.

"గట్టిగా పెట్టు. మా ఆవిడకి చెవులు సరిగా ఇనపడవు. పాపం, ఎవురిని తిడతాండారో తెలీక టీవీ సౌండు పెంచుతాంది."

ఆయనకు కోపం వచ్చి అన్నడా, తమాషాకు అన్నడా నాకు తెలవదు. రాష్ట్రం వస్తే నాకేమొస్తదని నాకూ తెలవదు. చంద్రమ్మకు కార్డున్నట్టు నాకూ ఒక కార్డు వస్తదేమో అని ఒక్కొక్కసారి అనుకునేది, మళ్ల ఆ వయసు దాటింది అని కూడ అనుకునేది. శిబిరంకాడ ఒక గంట కూసుండి వచ్చేది. ఎవరన్న ఎందుకు పోతవు అంటే మైకు ఎట్ల పలుకుతున్నదో చూడడానికి అనేది.

ఆ సమ్మె రోజులల్లనే సారు కొడుకు హేమంత్ ఒక డబ్బా పట్టుకొని షాపుకు వచ్చిండు. హేమంత్ హైటెక్ సిటీలో ఇంజనీరు. పిల్లగాడు మంచోడే, నన్ను ఓదేలు గారూ అని పిలిచేటోడు. కంపెనీ బండి రాక ఇంటికాడ ఉన్నడు. మా నాన్న సిగరెట్టు మానేసిన కాన్నుంచి మనిషి మనిషిలా లేడు, అన్నం ప్లేటు నెట్టేస్తున్నాడు, ఎప్పుడో ఒకరోజు మళ్లీ మొదలుపెడతాడు, అంతకంటే ముందే దారి చూపిద్దామని ఇంటర్నెట్‌లో చూసి చేశానని చెప్పిండు. అల్యూమినియం సబ్బు డబ్బాలో పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ముక్క ఒకటి, ఒక బటను, పైన ఒక గొట్టం. గొట్టంలో సన్నని కాయిల్. బటను నొక్కితే కాయిల్ వేడెక్కి అందులో పోసిన నికోటిన్ మందు ఆవిరైతది. ఆ ఆవిరి పీల్చాలె. నిప్పు లేదు, మసి లేదు, వాసన కూడ ఏదో పిప్పరమెంటు వాసన. ఆ మందు ఎవరో దోస్తు సింగపూర్‌కెల్లి తెచ్చిండట.

పని మంచిగనే చేసిండు. లైటు ఒక్కటి పెట్టలేదు. సారు లుంగీ మడతలో డబ్బా పెట్టుకొని పడుకుంటే బటను నొక్కుకొనే ఉండి లుంగీకి రూపాయంత బొక్క పడ్డది. బటను నొక్కినంత సేపు వెలిగే లైటు ఒకటి పెట్టమని హేమంత్ అడిగిండు. చిన్న పని. చచ్చిపోయిన ఎమర్జెన్సీ లైటుకెల్లి ఒక ఎర్ర బల్బు తీసి, డబ్బా మూలకు బెజ్జం వేసి పెట్టిన. అరగంట పట్టలేదు.

నాలుగు రోజులకు నాగమణమ్మ దిగొచ్చింది. షాపుల కాలు పెట్టే మనిషి కాదు, షట్టరు బయటనే నిలబడ్డది. ఆమె చెప్పింది ఏందంటే, సిగరెట్టయితే కాలి కాలి దానంతట అదే అయిపోతది, ఇది అయిపోదు. సారు టీవీ ముందర కూసుంటే డబ్బా నోట్లోకెల్లి తీస్తలేడు. ఎంత తాగిండో ఆయనకే తెలుస్తలేదు. ఇంత చాలు, ఇగ ఆపు అని చెప్పేది ఏదన్న పెట్టొచ్చా అని అడిగింది. నేను చెప్తే ఇనడప్పా, లైటు చెప్తే ఇంటాడేమో అన్నది.

నాకు ఆ మాట నచ్చింది. ఇన్నేండ్లల్ల నన్ను ఎవరన్న ఇది చేయొచ్చా అని అడిగిండ్రా? ఇది ఎప్పుడైతది అనే అడుగుతరు. స్టెబిలైజరులో కరెంటు వచ్చినంక ఆగి ఆగి ఆన్ అయ్యే ఏర్పాటు ఒకటి ఉంటది, ఒక కండెన్సర్ కరెంటుతోని నిండేదాక ఆపుతది. అదే పనిని తిప్పి చేసిన. బటను నొక్కినప్పుడల్ల కండెన్సర్ కొంచెం నిండుతది. నిండేదాక లైటు వెలుగుతది. నిండితే లైటు వెలగదు. వెలగకపోతే చాలు అని అర్థం. ఒక గంటకు కండెన్సర్ మెల్లగ ఖాళీ అయి లైటు మళ్ల వెలుగుతది. డబ్బా మాత్రం బందుకాదు. ఆపేది మనిషే, లైటు గుర్తు చేస్తదంతే.

ఇగ ఎంతకు నింపాలె అన్నది లెక్క. నాకు పుస్తకం లెక్కలు రావు. నాకు తెలిసిన లెక్క సారు దమ్ములే. ఆరు దమ్ములకు ఆయన పాణం నిమ్మళమైతది, అది పదకొండేండ్లకెల్లి నా కండ్ల ముందర చూస్తున్న. షట్టరు దించి, గోడ గడియారం ముందర కూసుండి, సిగరెట్టు ముట్టించి, పిడికిలి మూసి ఆయన తీరుగనే మెల్లగ పీల్చిన. ఒక్కో దమ్ముకు ఐదు సెకన్లు. ఆరైదులు ముప్పై. ముప్పై సెకన్లకు నిండే కండెన్సర్ నాలుగు మార్చి మార్చి చూసి పెట్టిన. సారుకు ఇచ్చి, ఇది మన ఆరు దమ్ములే సారూ, కొలిచి పెట్టిన అని చెప్పిన. ఆయన మురిసిండు. నాగమణమ్మ పైనుంచి ఒక గిన్నెడు మరమరాల ఉగ్గాని పంపింది.

నేను చేసిన తప్పు నా కండ్ల ముందరనే ఉండె, నాకు కనబడలేదు. పదకొండింటికి సారు డబ్బా పట్టుకొని వచ్చి నా స్టూలు మీద కూసుండి తాగేటోడు. నేను నా సిగరెట్టు తాగేది, పిడికిలితోని. సబ్బు డబ్బా పిడికిట్లో పట్టదు. గొట్టం నోట్లో పెట్టుకోవాల్సిందే. పిడికిట్లో పీలిస్తే వేళ్ల సందులకెల్లి వచ్చే గాలే సగం. ఐదు సెకన్లు పీల్చినా లోపలికి పోయేది సగం పొగ, సగం గాలి. గొట్టంకెల్లి ఐదు సెకన్లు పీలిస్తే మొత్తం మందే. నేను కొలిచింది గాలి కలిసిన దమ్ము. ఆయన తాగింది కలవని దమ్ము.

ఇంకొకటి కూడ. లైటు ఆరితే ఆగుతడు అనుకున్నం, వెలిగితే మొదలుపెడతడు అని ఎవరం అనుకోలేదు. గంట గంటకు బటను నొక్కి చూసుకునుడు, వెలిగితే తాగుడు. ఇంతకుముందు పొద్దుకు రెండుసార్లు తాగే మనిషికి లైటు పది సార్లు తాగొచ్చని చెప్పింది.

అక్టోబరులో రైళ్లు ఆపిన రోజులల్ల ఒకనాడు మధ్యాహ్నం ఒంటిగంటకు పైనుంచి నాగమణమ్మ అరుపు వినబడ్డది. నేను మెట్లెక్కి పోయేసరికి సారు బాత్రూం గుమ్మంల కూసుండి కక్కుకుంటుండు. మొఖం మీద చెమటలు ధారలు కడుతున్నయి. చేయి పట్టుకుంటే నాడి లెక్కపెట్టనీకి వస్తలేదు, అంత జోరుగ కొట్టుకుంటున్నది. హేమంత్ కారు తీసిండు. రోడ్డంత ధర్నాలు, నువ్వు ముందర కూసో అప్పా, నిన్ను చూస్తే పోనిస్తారు అన్నది నాగమణమ్మ. నేను ముందు సీట్లో కూసున్న.

చందానగర్ శిబిరం కాడ రోడ్డుకు అడ్డంగ రాళ్లు, టైర్లు పెట్టి ఉన్నయి. నేను బాగు చేసిన మైకుల ఎవరో మాట్లాడుతుండు, మంచిగ వినబడుతున్నది. అద్దం దించి మనిషికి పాణం మీదికొచ్చింది అన్న. శీను అనే పిల్లగాడు, మైకుసెట్టు తెచ్చింది వాడే, కారు లోపలికి వంగి చూసిండు. సారు ఎవరో, ఏ ఊరోడో అడగలేదు. ఇద్దరిని పిలిచి రాళ్లు జరిపిండు. మైకాయన మాట ఆపి, బండి పోనియ్యుండ్రి అని కూడ అన్నడు. హేమంత్ థాంక్స్ అన్నడు. ఎవరికి అన్నడో.

దవాఖానల గుండె పరీక్షలన్ని చేసిండ్రు. స్టెంటు మంచిగనే ఉన్నది. సిగరెట్లల్ల ఉండే మందు ఒంట్లకు ఎక్కువ పోయింది, ఈ గుండెకు ఇంకో రెండు రోజులు ఇట్లనే అయితే ఆగేదే అని డాక్టరు చెప్పిండట. రెండు రోజులు ఉంచుకున్నరు. నేను బయట బెంచీ మీద ఆ సాయంత్రందాక కూసుండి ఇంటికి నడుచుకుంట వచ్చిన. బస్సులు లేవు గద.

తెల్లారి పదింటికి హేమంత్ షాపుకు వచ్చిండు. చేతిలో డబ్బా. నా ముందరనే ఫోనులో టైము పెట్టి, బటను నొక్కి పట్టి, లైటు ఆరేదాక చూసిండు. ముప్పై ఒకటి అన్నడు. మళ్ల అడిగిండు, ఎవరు చెప్పారు ముప్పై అని. ఒకసారికి పదిహేను సెకన్లు దాటొద్దని ఇంటర్నెట్‌లో చిన్నపిల్లాడు చూసినా తెలుస్తుంది అన్నడు. నన్ను అడగకుండ ఈ కండెన్సర్ ఎందుకు పెట్టావన్నడు. మీ అమ్మ అడిగింది అని చెప్పిన. ఆమెకేం తెలుసు, లెక్క నీది కదా అన్నడు. గారు పోయింది, మీరు పోయింది.

"ఎలా కొలిచావో చెప్పు. దేన్ని చూసి ముప్పై పెట్టావు?"

నేను రాగికడ్డీని గుడ్డతోని తుడుచుకుంట కూసున్న. చెప్పేది ఒక్క ముక్కే. మీ నాయిన దమ్ములను చూసి పెట్టిన, ఇగో ఈ స్టూలు మీద, స్టెంటు వేసినంక ఐదు నెలలు, పొద్దుకు రెండుసార్లు. పిడికిట్లో తాగిండు కాబట్టి లెక్క తప్పింది. ఆ ఒక్క ముక్క చెప్తే నేను పని రాని వాడిని కాదని తెలుస్తది, కావాలని చేసినోడిని కాదని తెలుస్తది. పైన మాత్రం నరసింహస్వామి పటం ముందర ఒక ఆడమనిషి ఐదు నెలలు ఎవరికి దండం పెట్టిందో ఆమెకు తెలుస్తది. దవాఖానకెల్లి వచ్చిన మనిషి ఆ ఇంట్ల తల ఎత్తుకొని తిరగలేడు.

"మాట్లాడవేంటి? మా మీద కోపం ఉంటే మీవాళ్లంతా రోడ్డు మీద చూపించుకోండి. మా నాన్న మీద కాదు."

"నా లెక్క తప్పింది బిడ్డా," అన్న.

"తప్పిందా, తప్పించావా?"

ఆ మాటకు రాగికడ్డీని మళ్ల స్టవ్వు మీద పెట్టిన. ఉన్న జవాబు చెప్పేది కాదు. నెలాఖరుకు షట్టరు ఖాళీ చెయ్యి అని చెప్పి పోయిండు. డబ్బా తీసుకొని పోయిండు. అద్దాల బిల్డింగు గేటు కాడ కూడ నన్ను గిట్లనే నిలబెట్టిండ్రు, అయితే అక్కడ నాకు కోపమన్న వచ్చింది. ఈడ అది కూడ రాలేదు. పిల్లగాడు తన తండ్రి కోసం అడిగిండు. నా కొడుకైనా అట్లనే అడగాలె.

సాయంత్రం చంద్రమ్మకు ఖాళీ చేయాల్నట అని చెప్పిన. ఎందుకు అన్నది. లైటు తప్పు పెట్టిన అన్న. ఆమె చెప్పులు విడుస్తూ, నువ్వు తప్పు పెట్టేటోడివి కాదు అన్నది. కాళ్లు కడుక్కోవడానికి పోయింది.

సమ్మె అయిపోయింది. బస్సులు నడిచినయి. ఏమొచ్చిందో ఎవరికీ తెలవదు, అందరు అలిసిపోయి ఉన్నరు. నేను సామాను గోనెసంచులల్ల కడుతుంటే నాగమణమ్మ వచ్చింది. ఈసారి షట్టరు లోపలికి వచ్చింది. నడుము వంచి, మెట్ల కింద తల తగలకుండ నిలబడ్డది. కొంగులకెల్లి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

సారు ఇంటికొచ్చి వారమైంది. డబ్బా పారేస్తా అంటే వద్దన్నడట. ఓదేలుకిచ్చి సగానికి పెట్టించుకొని రా అన్నడట. దేంట్లో సగం అని అడిగితే గోడ దిక్కు తిరిగి పండుకున్నడట.

నేను డబ్బాను అటు ఇటు తిప్పి చూసిన. సారుకు తెలిసిపోయింది. పండుకొని పండుకొని పిడికిలి గుర్తు చేసుకున్నట్టున్నడు. ఆయన కూడ ఆ ముక్క పైన చెప్పలేదు. చెప్పక, నాకు మాత్రం తెలిసేటట్టు సగం అని పంపిండు.

"ఓదేలప్పా," అన్నది ఆమె, "నేనొకటి అడుగుతా. హేమంత్‌తో నేను మాట్లాడతా, నువ్వు ఈడే ఉండొచ్చు. నిజం జెప్పు. ఆయప్ప నీ దగ్గిర తాగుతాన్యాడా?"

రెండో స్టూలు ఆమె పక్కనే ఉన్నది. దాని కింద చిన్న డబ్బా మూత, బూడిద కోసం పెట్టిన మూత. నేను తీయడం మరిచిపోయిన. ఆమె అటు చూసిందా లేదా నాకు తెలవదు, నేను ఆమె మొఖం దిక్కు చూడలేదు.

"లేదమ్మా. నేను తాగుత. సారు కూసుండి మాట్లాడిపోతడు. లెక్క నాదే తప్పింది."

"నరసింహస్వామి మీద చెప్తావా?"

"నేను మల్లన్నకు మొక్కేటోన్నమ్మా," అన్న.

ఆమె డబ్బాను నా దిక్కు జరిపింది. ఆ తర్వాత, సగానికి పెట్టి ఇయ్యి, నేను ఈడే ఉంటా అన్నది. స్టూలును కొంగుతోని దులిపి కూసున్నది. కరెంటు లేదు. స్టవ్వు ముట్టించి కడ్డీ కాల్చిన. పాత కండెన్సర్ ఊడదీసి, దాంట్లో సగముండేది సంచిలకెల్లి వెతికి పెట్టిన. పెట్టినంక పరీక్ష చేయాలె. ఈసారి గడియారం ముందర పిడికిలి మూయలేదు. గొట్టం నోట్లోనే పెట్టుకున్న. ఆమె చూస్తుంటే బటను నొక్కి పీల్చిన. మూడో దమ్ముకే తల గిర్రుమన్నది, దగ్గు వచ్చింది, కండ్లల్ల నీళ్లు వచ్చినయి. లైటు ఆరింది. పదిహేను. ఇట్లాంటి దమ్ములు ఆరు, గంట గంటకు, ఆ మనిషికి ఇచ్చిన్నా అనుకున్న.

గొట్టం గుడ్డతోని తుడిచి ఇచ్చిన. ఆమె మళ్ల ఒకసారి తన కొంగుతోని తుడుచుకున్నది. షట్టరు కాడ ఆగి, నీకు అన్యాయం జరిగిందంటే నాదే పాపం, జరగలేదంటే, లెక్క నిజంగనే తప్పిందంటే నీదే అన్నది. మెట్లెక్కి పోయింది. హేమంత్‌తోని మాట్లాడినట్టు లేదు. నెలాఖరుకు నేను ఖాళీ చేసిన.

చందానగర్‌లో శీను ఒక జాగా చూపించిండు. టీ హోటలు పక్కన రేకుల డబ్బా. ఇక్కడ మెట్లు లేవు, తల మీద రేకు ఎత్తుగనే ఉన్నది, అయినా నా నడుము తన అలవాటు మానలేదు. పదకొండింటికి ఒక సిగరెట్టు ముట్టిస్త. సగానికే పిడికిలి విప్పి ఆర్పేస్త. మిగిలిన సగం దాచి పెట్టి నాలుగింటికి తాగుత. వేరే ఏం కాదు, పదకొండేండ్ల అలవాటు, ఒక్కడే మొత్తం తాగితే తల నొప్పి లేస్తున్నది.

డిసెంబరులో ఒకనాడు పదకొండింటికి సారు వచ్చిండు. నడిచే వచ్చిండు, రోజూ నడవమన్నడట డాక్టరు. సగం అయిండు మనిషి. చేతిలో టార్చిలైటు, ఇది వెలుగుతా లేదప్పా అన్నడు. నొక్కి చూసిన, వెలిగింది. బల్ల మీద పెట్టిన. రెండో స్టూలు లేదు ఇక్కడ, టీ హోటలుకెల్లి కుర్చీ తెచ్చి వేసిన.

కూసున్నడు. జేబులకెల్లి డబ్బా తీసి మూడు దమ్ములు పీల్చిండు. లైటు ఆరింది. జేబులో పెట్టుకున్నడు. నా చేతిలో సిగరెట్టు ఉన్నది. ఆయన నా పిడికిలి చూసిండు, నేను చేయి చాపలేదు, ఆయన అడగలేదు.

"మా ఆవిడకేం జెప్పినావు ఆ పొద్దు?" అన్నడు.

"లెక్క తప్పిందని చెప్పిన."

"నేనూ అదే జెప్తి. ఓదేలు లెక్క తప్పినాడు అని." కొంచెంసేపు రోడ్డు దిక్కు చూసిండు. "నీ మీదికే తోసినాలే."

"తోస్తివి గద సారూ. ఇగ ఏం చేస్తం."

హేమంత్ గురించి చెప్పిండు, పిల్లను చూస్తున్నరట. ఆ షట్టరుల ఎవరో కూరగాయలు పెట్టుకున్నరట, పొద్దంత కుళ్లిన టమాట వాసనట. నన్ను ఖాళీ చేయించినందుకు ఆయన ఏం చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఆయన ఇంట్ల మాట్లాడాలె, మాట్లాడితే మొత్తం తవ్వుకోవాలె. ఇద్దరికీ అంత ఓపిక లేదు.

లైటు మళ్ల వెలగడానికి గంట పడుతది. ఆ గంటసేపు కూసున్నడు. నేను ఒక మిక్సీ మూత బిగించిన, ఒక చార్జరు వైరు మార్చిన. గంట అయినంక ఆయన డబ్బా తీసి బటను నొక్కిండు. వెలిగింది. వెలుగుతుంటే కొంచెంసేపు చూసి, పీల్చకుండనే జేబులో పెట్టుకొని, పోయొస్తా అన్నడు.

టార్చిలైటు మరిచిపోయిండు. మంచిగున్న టార్చిలైటు. దాన్ని షెల్ఫు మీద పెట్టి, ఆయన రోడ్డు దాటేదాక చూసిన. మూల తిరిగినంక డబ్బా మళ్ల తీసిండో లేదో నాకు తెలవదు.